వరహాలమ్మ కడిగిన రాళ్ళు

త్రినాథరావుకి స్టీల్ ప్లాంటులో రెండు పేర్లుండేవి. హాజరు పట్టీలో త్రినాథరావు, క్యాంటీన్లో రాళ్ళరావు. కొలిమిల లోపలి గోడలకి అగ్గిని తట్టుకునే ఇటుకలు పేర్చే సెక్షన్లో అతను మేస్త్రీ. ఇటుకని వేలి కణుపుతో కొట్టి, చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పేసేవాడు. ఇంజనీర్లు కూడా ఆ చెవిని నమ్మేవారు. ఆదివారం వచ్చేసరికి మాత్రం అతని మాట నమ్మేవాడు ఉక్కునగరం మొత్తం మీద ఒక్కడు కూడా ఉండేవాడు కాదు. ఎందుకంటే ఆదివారం అతను చెప్పే కబుర్లన్నీ మూడు నాలుగు వేల ఏళ్ళ కిందటివి.

ఆదివారం తెల్లవారగానే చేతక్ స్కూటర్ తీసి, గాజువాక మీదుగా పెందుర్తి చేరి, అక్కడ రెండు ఇడ్లీలు తిని, దేవరాపల్లి రోడ్డు పట్టుకుని బూరుగుగెడ్డ వెళ్ళిపోయేవాడు. అది కొండల మొదట్లో, గెడ్డ అని పిలిచే కొండవాగు ఒడ్డున ఉన్న చిన్న ఊరు, అతను పుట్టిన ఊరు. ఊరి వెనక మెట్ట ఎక్కితే కొండ నడుం మీద రెండెకరాల చదును ఉంది. ఆ చదునులో మనిషి నడుమెత్తు నిలువురాళ్ళు పాతి ఉంటాయి. ఒక్కో రాయి కింద ఒక్కో సమాధి. ఎప్పటివో, ఎవరివో ఊళ్ళో ఎవరికీ తెలియదు. "పెద్దల రాళ్ళు" అని ఓ దండం పెట్టి పోతుంటారు. వాటి చుట్టూ గడ్డిలో, అరచేతిలో ఇమిడే నున్నటి రాతిగొడ్డళ్ళు పడి ఉంటాయి. ఇనుమంటే ఏమిటో తెలియని మనుషులు నూరుకున్న గొడ్డళ్ళవి. రోజుకి వేల టన్నుల ఉక్కు కరిగించే చోట పనిచేసే మనిషికి ఆ రాతి పదును మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో దేవుడికే తెలియాలి.

"ఇంకో ఆడమనిషి కోసం ఎల్తన్నావంటే దాని జుట్టట్టుకుని అడుగుదును. బండకి జుట్టేదీ?" అనేది అతని భార్య గౌరీశ్వరి. అంటూనే టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చేది. రెండు గిన్నెల డబ్బా. ఒకటి అతనికి, ఒకటి వరహాలమ్మకి.

వరహాలమ్మ త్రినాథరావుకి మేనత్త, అతని తండ్రికి అక్క. పుట్టిల్లూ మెట్టినిల్లూ బూరుగుగెడ్డలోనే. పిల్లల్లేరు, భర్త పోయి చాలాకాలమైంది. త్రినాథరావు తల్లి పొలం పనుల్లో ఉంటే, వీడు వరహాలమ్మ చంకలోనే పెరిగాడు. ఆ చంకనెక్కే మొదటిసారి ఆ కొండెక్కాడు. అరవై ఎనిమిదేళ్ళ వయసులోనూ ఆవిడ మేకల్ని తోలుకుని రోజూ ఆ చదునుకి వెళ్ళి వచ్చేది. మేనల్లుడంటే ప్రాణం. వాడికి కాస్త తిక్క ఉందని ఊళ్ళో ఎవరైనా అంటే మటుకు వాళ్ళ ఏడు తరాల తిక్కల్నీ వీధిలో ఏకరువు పెట్టేది.

మొదట్లో త్రినాథరావు అందరిలాగే చేశాడు. నచ్చిన గొడ్డలి కనబడితే సంచీలో వేసుకున్నాడు. అలా ఓ ఏడు పోగేసి, సీతమ్మధారలో ఉంటున్న ప్రొఫెసర్ కృష్ణంరాజు గారింటికి మోసుకెళ్ళాడు. ఆయన పాతరాళ్ళ చదువు చెప్పి రిటైరైన మనిషి. రాళ్ళని ఒక్కొక్కటే కళ్ళజోడుకి దగ్గరగా పెట్టుకుని చూశారు. మొహం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది.

"ఎక్కడ దొరికాయి?"

"కొండమీద సార్."

"కొండమీద ఎక్కడ?"

"అక్కడక్కడా సార్."

ఆ మాటకి ఆయనకి ఒళ్ళు మండింది. "రాయికి నోరు లేదండీ. అది పడి ఉన్న చోటే దాని మాట. ఏ సమాధికి ఎంత దూరంలో ఉంది, ఏ పక్కకి తిరిగి ఉంది, ఎంత లోతున దిగబడి ఉంది, ఇవన్నీ చూస్తేనే నేను ఏదైనా చెప్పగలను. ఎత్తి సంచీలో వేసుకున్నాక అది ఒట్టి గులకరాయి."

త్రినాథరావు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆరోజు నుంచి మళ్ళీ ఒక్క రాయిని కదిపితే ఒట్టు. ఒక నోటుబుక్కు కొని, ప్రతి గొడ్డలికీ ఏ నిలువురాయి నుంచి ఎన్ని అడుగులో, మొన ఎటు తిరిగి ఉందో రాసుకుంటూ వచ్చాడు. పదకొండేళ్ళు రాశాడు. ముప్పై గొడ్డళ్ళు తేలాయి. పండగలకి సీతమ్మధార వెళ్ళి ప్రొఫెసర్ గారికి నమస్కారం పెట్టి, "ఒక్కసారి రండి సార్" అని అడిగేవాడు. ఆయన మోకాళ్ళు చూపించి "చూద్దాం" అనేవారు.

తొంభై ఎనిమిదిలో ఆ చూద్దాం కాస్తా చూసి తీరాల్సిన పనైంది. ఆ కొండవాలు మీద కంకర క్రషర్ పెట్టుకోడానికి లీజు కావాలని ఎవరో అర్జీ పెట్టుకున్నారు. త్రినాథరావు సెలవు పెట్టి మండలాఫీసుకి పరిగెత్తాడు. అక్కడి అధికారి మంచివాడే. మొత్తం విన్నాడు. "మీరు ఇటుకల మేస్త్రీ. మీ మాట మీద నేను ఫైలు ఆపలేను. చదువుకున్నవాళ్ళెవరైనా వచ్చి, కళ్ళారా చూసి, ప్లాను గీసి కాగితం మీద రాసిస్తే అప్పుడు ఆ ముక్క మినహాయించమని రాస్తాను. నెలాఖరులోపు తెండి" అన్నాడు.

ప్రొఫెసర్ గారు ఒప్పుకున్నారు. "చూస్తాను. వస్తువులు వాటి చోట్లలో ఉంటేనే రాస్తాను. లేకపోతే రాయను. తర్వాత నన్ను ఏమీ అనుకోకూడదు" అని ముందే చెప్పారు. త్రినాథరావు ఆ శుక్రవారం బూరుగుగెడ్డ వెళ్ళి మేనత్తకి సంగతంతా వివరించాడు. ఆదివారం పెద్దాయన వస్తున్నాడనీ, ఆయన కలం మీదే ఈ కొండ ఉండడమో పోవడమో ఉందనీ, ఈ రెండు రోజులూ అటు ఎవర్నీ రానివ్వొద్దనీ చెప్పాడు. మేకల్ని కూడా తోలొద్దన్నాడు.

"నాకొగ్గీయి. నాను సూసుకుంటాను గదా" అంది వరహాలమ్మ.

ఆదివారం పది గంటలకి ప్రొఫెసర్ గారు టాక్సీ దిగి, చేతికర్రతో, మధ్యలో నాలుగుసార్లు కూర్చుంటూ మెట్ట ఎక్కారు. ముందు త్రినాథరావు, చేతిలో నోటుబుక్కు. చదును మీదికి చేరగానే ఆగిపోయాడు.

నిలువురాళ్ళన్నీ తళతళలాడుతున్నాయి. ప్రతి రాయికీ పసుపు, నడినెత్తిన కుంకం బొట్టు. మొదళ్ళలో గడ్డి పీకి, పేడనీళ్ళు కళ్ళాపి చల్లి, చుట్టూ ముగ్గు. పక్కన శుభ్రమైన గంప, గంపలో ఉతికిన తువ్వాలు, తువ్వాలు మీద వరసగా పేర్చిన రాతిగొడ్డళ్ళు. ఒక్కొక్కటీ కడిగి, నూనె రాసి, నిగనిగలాడుతోంది. దాని పక్కన వరహాలమ్మ తలంటుకుని, పెట్టెలోని చీర కట్టుకుని నిలబడి ఉంది.

"రండి బాబు రండి," అంది ప్రొఫెసర్ గారితో. "నిన్నటి కాడ్నుంచీ ఇదే పని. ఓలమ్మా, ఎంత మట్టి పట్టీసిందనుకున్నారు! గెడ్డలోంచి పద్నాలుగు బిందెలు మోసినాను. కుంకుడుకాయెట్టి తోమీసినాను. ఇప్పుడు సూడండి ఎలగున్నారో."

ప్రొఫెసర్ గారు గంప వైపు చూశారు. మెడలోని కెమెరాకి మూత పెట్టేశారు.

జీవితంలో ఎప్పుడూ మేనత్త మీద గొంతెత్తని త్రినాథరావు అరిచాడు. "నిన్నెవరు కడగమన్నారు? ఎవర్నీ రానివ్వొద్దని సెప్తే నువ్వే ఊడ్సి పెట్టీసినావు! పదకొండేళ్ళు నాను ఏలు కూడా ఎయ్యనేదు ఆటి మీద. ఒక్క పూటలో మొత్తం నాశనం సేసీసినావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

వరహాలమ్మ ముందు నవ్వబోయింది. వాడు నిజంగానే కోప్పడుతున్నాడని అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంటికి పెద్దమనిసొత్తే, ఇంట్లో ముసిలోల్ని కడిగి, ఉతికిన గుడ్డ కట్టి కూకోబెడతావా, మట్టితోటే కూకోబెడతావా? నాను సేసిన తప్పేటిరా?" అని మాత్రం అడిగింది. ఆ అడగడంలో కోపం లేదు. అందుకే త్రినాథరావుకి ఇంకా బాధేసింది.

ప్రొఫెసర్ గారు చేతికర్ర అందుకున్నారు. "ఆవిడ్ని ఏమీ అనకండి. రాళ్ళు వాటి చోట్లలో లేవు. నేను ముందే చెప్పాను కదా. వస్తాను రావుగారూ."

"సోట్లేటి బాబు?" అంది వరహాలమ్మ. "ఎక్కడియ్యక్కడ ఎట్టీమంటే ఎట్టీనా?"

"ముప్పై రాళ్ళమ్మా. ఈ గడ్డిలో, రెండెకరాల్లో."

"ఎవుల సోటు ఆలకి తెల్దేటి? రోజూ మేకల్ని మేపుకుంటా ఈలెనకాలే కూకుంటాను నాను."

ప్రొఫెసర్ గారు ఆవిణ్ణి ఓసారి పరీక్షగా చూశారు. మేస్టారి బుర్ర, పరీక్ష పెట్టకుండా ఉండలేదు. "నోటుబుక్కు ఇటివ్వండి," అన్నారు త్రినాథరావుతో. "మీరు ఆ బండమీద కూర్చోండి. నోరు విప్పకండి, చెయ్యి చూపించకండి."

గంపలోంచి ఆయనే చేతికొచ్చిన గొడ్డలి తీసి ఇచ్చారు. వరహాలమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. సరాసరి నడిచి, వంకర తిరిగిన నిలువురాయి దాటి, ఓ తుప్ప మొదట్లో గడ్డి పక్కకి నెట్టి రాయిని దించింది. అది టక్కున కూర్చుంది. రాయి వందల ఏళ్ళు పడి ఉన్న చోట నేలకి దాని ఆకారంలోనే గుంట పడుతుంది. అందులో గడ్డి మొలవదు, మట్టి నల్లగా తడిగా ఉంటుంది. ప్రొఫెసర్ గారు మోకాళ్ళ సంగతి మర్చిపోయి నేలమీద కూలబడి, రాయి అంచుల చుట్టూ వేలు తిప్పారు. దారం దూరే సందు లేదు. నోటుబుక్కు చూశారు. పదిహేడు అడుగులు, మొన తూర్పుకి. టేపు వేశారు. సరిపోయింది.

రెండోది ఇచ్చారు. మూడోది. తర్వాత ఆయనకే పట్టుదల పెరిగి, ఒకేలా ఉన్న జోడు గొడ్డళ్ళు రెండూ కలిపి ఇచ్చారు. వరహాలమ్మ వాటిని తూకం చూసినట్టు రెండు చేతుల్లో పట్టుకుని, "ఈ బరువుది అటు, ఈ గారపళ్ళది ఇటు" అంటూ చెరో మూలా పెట్టి వచ్చింది. మధ్యలో రెండింటి దగ్గర ఆవిడ తడబడింది. ఒకటి వేసి, కూర్చోక, "కాదు, ఇది కాదు" అని తీసి మళ్ళీ వెతికింది. చివరికి అవి కూడా వాటి గుంటల్లో కూర్చున్నాయి.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గంపలో ఒక్కటి మిగిలింది. దాన్ని ప్రొఫెసర్ గారు ఇస్తే వరహాలమ్మ పుచ్చుకోలేదు.

"ఇది మన కొండది కాదు బాబు. రెండేళ్ళ కిందట ఈడు సద్దన్నం తిని సంచీ దులుపుకున్నప్పుడు పడిపోనాది. ఎవులిదో అని దాసినాను. గంపలోకి ఎలగొచ్చీసిందో."

ప్రొఫెసర్ గారు నోటుబుక్కు మొత్తం వెతికారు. ఆ రాయి అందులో లేదు. తలెత్తి త్రినాథరావు వైపు చూశారు. అది, కదపనని ఒట్టు పెట్టుకున్నాక కూడా ఆశ చంపుకోలేక, ఒకే ఒక్కసారి అనంతగిరి వైపు అతను ఏరుకొచ్చిన రాయి. కనబడకపోతే గౌరీశ్వరే పారేసిందని నిందవేసి, మూడు రోజులు ఆవిడతో మాట మానేశాడు. ఆ మూడు రోజులూ ఆవిడ హాయిగా నిద్రపోయిందన్నది వేరే సంగతి.

ప్రొఫెసర్ గారు నేలమీద కూర్చునే పకపకా నవ్వారు. కెమెరా మూత తీశారు. "రాస్తాను," అన్నారు. "కడిగారని కూడా రాస్తాను, ఎవరు కడిగారో, ఎవరు మళ్ళీ పెట్టారో అన్నీ రాస్తాను. నలభై ఏళ్ళ సర్వీసులో నాకు ఇలాంటి అసిస్టెంటు దొరకలేదమ్మా."

"ఏటంటన్నాడ్రా?" అని మేనల్లుణ్ణి అడిగింది వరహాలమ్మ.

"నువ్వు గొప్పదానివంటన్నారు అత్తా," అన్నాడు త్రినాథరావు. బిందెలో మిగిలిన నీళ్ళు గ్లాసులోకి వంచి ఆవిడ చేతికిచ్చాడు.

మధ్యాహ్నం ప్లాను గీయడం మొదలైంది. టేపు ఒక కొస త్రినాథరావు పట్టుకున్నాడు. ప్రొఫెసర్ గారు నిలువురాళ్ళ దగ్గర ఒక్కోచోట ఆగి, పలకమీద సున్నా చుట్టి, నంబరు వేసుకుంటూ వచ్చారు. పద్దెనిమిది అయ్యాయి. పంతొమ్మిదోది అన్నింటికంటే చిన్నది, జానెడున్నర ఎత్తు, ఓ పెద్దరాయి ఒడిలో కూర్చున్నట్టు ఉంటుంది. త్రినాథరావు దాన్ని ఎప్పుడో లెక్కలో వేసేసుకున్నాడు. నోటుబుక్కులో దాని ఎదురుగా "దీపం పెట్టుకునే రాయి కాబోలు" అని కూడా రాసుకున్నాడు.

ప్రొఫెసర్ గారు దాన్ని తడిమారు. "ఇది కొండరాయి కాదండీ. నీళ్ళలో దొర్లి నునుపెక్కింది. గెడ్డరాయి. పైగా మొన్నమొన్నటిది. యాభై ఏళ్ళు కూడా ఉండవు. దీన్ని ఎవరు పాతారు?"

త్రినాథరావు తనకి తెలియదన్నాడు. వరహాలమ్మ ముగ్గుపిండి గిన్నె కడుగుతోంది. తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"నానే బాబు."

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"మా గుంటడున్నాడు అక్కడ. నాకు పుట్టినోడు. ఇరవయ్యొకటో రోజున పేరెడదావనుకున్నాం. పందొమ్మిదో రోజున జొరమొచ్చి పోనాడు. పసిగుడ్లని గెడ్డ ఒడ్డున కప్పెట్టీడం మా ఊళ్ళో అలవాటు. ఆ ఏడు గెడ్డ పొంగతంది. నీల్లు అట్టుకుపోతాయని నాను ఒప్పుకోనేదు. ఆ గెడ్డలోంచే ఒక రాయట్టుకుని, గుంటణ్ణట్టుకుని, మా ఆయనా నానూ ఇక్కడికెక్కొచ్చీసినాం. ఇక్కడైతే పెద్దోలున్నారు, సూసుకుంటారని ఆల ఒళ్ళో ఎట్టీసినాం. సూసుకున్నారు మరి. ఇన్నేళ్ళు సూసుకున్నారు. ఆలని సూడ్డానికి పెద్దమనిసొస్తన్నాడంటే, ఆల ఒళ్ళు కడక్కుండా ఎలగ నిలబెడతాను బాబు?"

టేపు కొస త్రినాథరావు చేతిలోంచి జారిపోయింది. పదకొండేళ్ళుగా వేల ఏళ్ళ కిందటి చావుల్ని అడుగులేసి కొలుచుకున్నాడు. రోజూ మేకల్ని తోలుకుని ఇక్కడికే ఎందుకొస్తావని మేనత్తని ఒక్కసారి అడగలేదు. పొద్దున తను అన్న మాటలు గుర్తొచ్చాయి. వెళ్ళి ఆవిడ పక్కన నేలమీద చతికిలబడి, తడిచేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"నాకెప్పుడూ సెప్పనేదేటత్తా?"

"సెప్పడానికేటుందిరా. నువ్వు పుట్టినాక నా సంక ఖాళీ నేదు."

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అది అంత మురికిగా ఏమీ లేకపోయినా. మెల్లగా అన్నారు. "రావుగారూ, ఈ రాయిని వదిలేసి ప్లాను గీస్తే అబద్ధమవుతుంది. గీస్తే అదేమిటో పక్కన రాయాలి. కొత్తది ఒకటి ఉంది కాబట్టి అన్నీ కొత్తవేనని క్రషర్ వాళ్ళు వాదించినా వాదిస్తారు. నిజం ఉన్నదున్నట్టు రాసి, మిగతావాటికి నేను పూచీ పడతాను. మీకు అభ్యంతరం లేదు కదా?"

"రాయండి సార్."

"పేరేం రాయమంటారు?"

పేరు లేదు. పేరు పెట్టడానికి ఇంకో రెండు రోజులుండగానే పోయాడు. వరహాలమ్మ నేల చూపులు చూస్తోంది. త్రినాథరావు ఆ గెడ్డరాయి వైపు చూశాడు. మేనత్త కొడుకు. బతికి ఉంటే తన పెళ్ళిలో పందిరి రాటలు పాతించేవాడు, అలిగేవాడు, తనని ఎద్దేవా చేసేవాడు.

"మా బావ అని రాయండి సార్," అన్నాడు.

ప్రొఫెసర్ గారు నవ్వలేదు. పెన్సిల్ తడి చేసుకుని, చిన్న సున్నా చుట్టి, పక్కన ఆ మాట రాశారు. రాస్తూ పైకి చదివారు.

వరహాలమ్మ చప్పున తలెత్తింది. "ఉత్త బావేటిరా? నీకంటే రెండేళ్ళు పెద్దోడు. బావగారు అను."

"తప్పయిపోనాదత్తా," అన్నాడు త్రినాథరావు. ప్రొఫెసర్ గారు దిద్దారు.

ఆ ప్లాను, ఆ ఉత్తరం అలాగే మండలాఫీసుకి వెళ్ళాయి. గుమాస్తా ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు. రెండు నెలల తర్వాత త్రినాథరావు చేతికి ఉత్తర్వు కాపీ వచ్చింది. అది పట్టుకుని, గౌరీశ్వరిని వెనక ఎక్కించుకుని బూరుగుగెడ్డ వెళ్ళి, వరహాలమ్మని అరుగు మీద కూర్చోబెట్టి చదివి వినిపించాడు. "సదరు స్థలమందు పురాతన సమాధులు పద్దెనిమిది, బావగారి సమాధి ఒకటి ఉన్నందున, రెండెకరాలు లీజు నుండి మినహాయించడమైనది."

వరహాలమ్మ ఆ ముక్క అతని చేత మూడుసార్లు చదివించుకుంది.